ఇంట్లో ఎవరూ చదవలేని పుస్తకం

మణి పోయిందని మలేషియాలోని ఇపో నుంచి ఫోన్ వచ్చినప్పుడు అమ్మ వంటింట్లో స్టూలు మీద కూర్చుని కరివేపాకు దూస్తోంది. ఫోన్ చేసింది మణి కూతురు కవిత. తెల్లవారుజామున నిద్రలోనే గుండె ఆగిపోయిందని, మర్నాడు మధ్యాహ్నం తీసుకెళ్తారని, వీలైతే రమ్మని చెప్పింది. నన్ను ఆంటీ అంది. మణి నాకు తోడబుట్టిన చెల్లెలు, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. ఆ సంగతి కవితకు తెలియదు. నేను వంటింట్లోకి వెళ్ళి అమ్మకు చెప్పాను. అమ్మ చేతిలో ఉన్న రెమ్మను పూర్తిగా దూసి, ఆకులు డబ్బాలో వేసి మూతపెట్టి, "నువ్వు ఎల్లు. నా మోకాళ్ళు బస్సెక్కలేవు" అంది.

సింగపూర్ నుంచి ఇపోకి బస్సులో తొమ్మిది గంటల ప్రయాణం. నేను చేరేసరికి ఇల్లంతా జనం. గోడ మీద పెదనాన్న, పెద్దమ్మల ఫోటోలకు గంధపు దండలు వేలాడుతున్నాయి. మణిని పెంచినవాళ్ళు వాళ్ళే. మా నాన్నకు వరసకు అన్నయ్య, ఆయన భార్య. ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. వచ్చినవాళ్ళకు కవిత నన్ను పరిచయం చేస్తూ, అమ్మకి కజిన్, సింగపూర్ ఆంటీ, ఫ్రెంచ్‌లో బుక్స్ రాస్తారు అంది. నేను తలూపాను. దగ్గరి బంధువులు పూలు వేసేటప్పుడు వెనక నిలబడి, దూరపు వాళ్ళను పిలిచినప్పుడు వెళ్ళి నా పూలు నేను వేశాను. మణి ముఖం అచ్చం నాన్న ముఖంలా ఉంది. ఆ మాట అనడానికి ఆ గదిలో నేను తప్ప నాన్నను చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

సింగపూర్ బిషాన్‌లోని మా ఫ్లాట్‌కి తిరిగొచ్చాక అమ్మ కార్యక్రమం ఎలా జరిగిందని అడగలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం భోజనమయ్యాక, దేవుడి పటాల పక్కనుంచి నా మొదటి పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది. అది అచ్చయి వచ్చిన నాటినుంచి అక్కడే ఉంది. ప్రతి శుక్రవారం సాంబ్రాణి వేసే ముందు పటాలతో పాటు దాన్ని కూడా తుడిచేది. ఇంటికి ఎవరొచ్చినా చూపించేది. అందులో ఏముందని మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారి అడగలేదు. నేనూ చెప్పలేదు. "దీన్లో ఏటి రాసినావో నాకు సదివి సెప్పు. నాను ఇంటాను" అంది.

నేను ఫ్రెంచి భాషలో పిల్లల కోసం రాసే రచయితని. ముఖ్యంగా పది పన్నెండేళ్ళవాళ్ళ కోసం. పదిహేడు పుస్తకాలు రాశాను. వాటిలో మొదటిది, అన్నిటికన్నా ఎక్కువమంది చదివింది, తెలుగులో చెప్పాలంటే 'ఉత్తరం వైపు వెళ్ళే రైలు'. అందులో ఒక తల్లి తన చిన్న కూతుర్ని ఎవరికో ఇచ్చేస్తుంది. ఆ తల్లిని నేను ఎంత దుర్మార్గంగా రాశానంటే, ఫ్రాన్సులో ఒక బడిలో ఒక కుర్రాడు లేచి, ఆమెను జైల్లో ఎందుకు పెట్టలేదని అడిగాడు. ఆ తల్లి, మా అమ్మ, ఎనభై రెండేళ్ళ వయసులో చెవి దగ్గరగా పెట్టి కూర్చుని నేను మొదలుపెడతానని చూస్తోంది.

నేను పుట్టి పెరిగింది సింగపూర్ రేవు దగ్గర తంజోంగ్ పగార్‌లో. తొమ్మిదో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు. కిటికీలోంచి రేవు కనిపించేది. గాలిలో ఎప్పుడూ ఉప్పు, డీజిలు కలిసిన వాసన. దాని మీదికి మధ్యాహ్నమయ్యేసరికి కింది అంతస్తుల్లో ఎవరో వేయించే ఎండురొయ్యల ముద్ద ఘాటు ఎక్కేది. అమ్మానాన్నలిద్దరూ మలేషియాలో రబ్బరు తోటల్లో పుట్టినవాళ్ళు. వాళ్ళ తాతలు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కినవాళ్ళు. నాన్న రేవులో పనిచేసేవాడు, ఓడ మీద పేర్చిన కంటైనర్లను ఇనప కడ్డీలతో బిగించే పని. ఇంటికి రాగానే గడప దగ్గరే చేతితొడుగులు విప్పి, గ్రీజు వాసన లోపలికి రాకుండా బకెట్లో పడేసి, కాళ్ళు మూడుసార్లు కడుక్కునేవాడు. తర్వాత చాప వేసుకుని నన్ను పక్కన కూర్చోబెట్టి తెలుగు దిద్దించేవాడు. తోటలోని తెలుగు బడిలో ఆయన నాలుగేళ్ళు చదివాడు. ఆ నాలుగేళ్ళ చదువూ నాకు చెప్పేశాడు. అమ్మకు చదువు రాదు. మేం అక్షరాలు పలుకుతుంటే ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ పెదాలు కదిపేది. మణి ఆవిడ వీపు మీద వాలి నిద్రపోయేది. ఇవాళ నా వంటింట్లో అన్నం దానంతటదే ఉడుకుతుంది, బియ్యంలో రాయి ఉండదు, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేవాళ్ళు లేరు.

నాకు పదమూడేళ్ళప్పుడు నాన్న కంటైనరు మీదనుంచి జారిపడ్డాడు. పొద్దున తొడుక్కెళ్ళిన చొక్కాను సాయంత్రం ఒక సంచిలో పెట్టి ఇచ్చారు. నెల తిరిగేలోపే అమ్మ పనిలో చేరింది. పొద్దున హాకర్ సెంటర్లో తిండి కొట్ల దగ్గర పళ్ళేలు కడిగేది, మధ్యాహ్నం ఆఫీసులవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి బట్టలు ఇస్త్రీ చేసేది. సబ్బు నీళ్ళకు ఆవిడ వేళ్ళ సందులు పగిలి, అన్నం కలిపితే మండేది. అందుకని చెంచాతో తినడం నేర్చుకుంది. ఇంట్లో చాలా ఏళ్ళు సాంబ్రాణి ఆగిపోయింది. మాటలు కూడా ఆగిపోయాయి. వండు, తిను, పడుకో, ఈ మూడు మాటలతోనే ఆవిడ మాతో రోజులు వెళ్ళదీసింది.

ఆ ఏడాదే నన్ను బడిలో ఫ్రెంచికి ఎంపిక చేశారు. మార్కులు బాగా వచ్చినవాళ్ళకు మూడో భాష నేర్చుకునే అవకాశం ఇచ్చేవారు. వారానికి మూడు మధ్యాహ్నాలు వేరేచోట తరగతులు. మిగతా రోజుల్లో బడి అవగానే వచ్చి మణిని నేను చూసుకునేదాన్ని. ఆ మూడు రోజులు మాత్రం అమ్మ ఐదేళ్ళ మణిని ఇంట్లో పెట్టి బయట తాళం వేసి, తాళంచెవి పక్కింటి లిమ్ ఆంటీకి ఇచ్చి వెళ్ళేది. ఫ్రెంచి మానేస్తానని నేను అనవలసింది. అనలేదు. ఆ తరగతి గదిలో ఫ్యాను ఉండేది, కిటికీలకు తెల్లటి కర్టెన్లు ఉండేవి, అక్కడ నాన్న చనిపోయినట్టు ఎవరికీ తెలియదు. ఒక మధ్యాహ్నం మణి పాలు కలుపుకుందామని స్టూలెక్కి వేడినీళ్ళ కెటిల్ లాగింది. ఎడమ పాదం, పిక్క బొబ్బలెక్కిపోయాయి. అరుపులు విని లిమ్ ఆంటీ తాళం తీసి, చంకనేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. నేను ఆ సమయానికి ఒక క్రియాపదానికి భవిష్యత్ కాలం రూపాలు వల్లె వేస్తున్నాను.

మణి ఇంటికొచ్చాక అమ్మ నాచేత ఇపోకి ఉత్తరం రాయించింది. ఒకసారి వచ్చి మాట్లాడి వెళ్ళండి, అంతే. ఎందుకో చెప్పలేదు. పెదనాన్నకు పిల్లల్లేరు. ఇపోలో చిన్న దర్జీ కొట్టు. మెత్తటి మనిషి. ఆ ఉత్తరం వేసిన రెండు వారాలకు మా ఫ్రెంచి టీచరు మా ఇంటికొచ్చింది. ఆవిడ్ని మేము మదాం అప్పాడు అనేవాళ్ళం. మారిషస్ ఆవిడ. ఆవిడ పూర్వీకులూ తెలుగువాళ్ళే, చెరుకు తోటల్లో పనికి వెళ్ళినవాళ్ళు. ఆవిడకు ఫ్రెంచే ఇంటి భాష, తెలుగు మాత్రం రామభజనల్లో విన్నంత వచ్చు. వస్తూనే అమ్మకు రెండు చేతులూ జోడించి దండం పెట్టి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నన్ను కిందికి వెళ్ళి బిస్కెట్లు తెమ్మన్నారు. నేను తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఒక భజన పాట పదాలు ఒకరికొకరు అందించుకుంటున్నారు. నాన్న పోయాక అమ్మ గొంతులో పాట అదే మొదటిసారి వినడం. ఆ ఏడాది మొత్తంలో నాకు సంతోషంగా గుర్తున్న రోజు అదొక్కటే.

తర్వాతి వారం ఫ్రెంచి తరగతి నుంచి వచ్చేసరికి తలుపు తీసి ఉంది. అమ్మ గోడవైపు తిరిగి ఎవరిదో తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఇంటికి తెచ్చి ఇస్త్రీ చేయడం ఎప్పుడూ లేదు. గడప దగ్గర మణి చెప్పులు లేవు. మణేదని అడిగాను. పెదనాన్నోళ్ళతో ఎల్లింది, అక్కడే సదువుకుంటది అంది, చొక్కా కాలరు తిప్పుతూ. నేను తొమ్మిది అంతస్తులు మెట్ల మీదనుంచే దిగి, చెప్పుల్లేకుండా రైల్వే స్టేషనుకు పరిగెత్తాను. అప్పట్లో మలేషియా రైళ్ళు మా తంజోంగ్ పగార్ నుంచే బయలుదేరేవి. గేటు దగ్గర నిలబడ్డ మలయ్ పెద్దాయన నా కాళ్ళవైపు చూసి, బండి వెళ్ళి చాలాసేపయిందని, మళ్ళీ రేపేనని నెమ్మదిగా చెప్పాడు. నేను అక్కడే సిమెంటు నేల మీద కూర్చుండిపోయాను. ఇంటికి తిరిగొచ్చాక అమ్మ రెండు పళ్ళేలు పెట్టింది. అన్నం వడ్డించి, నా కళ్ళలోకి చూడకుండా ఒక మాట చెప్పింది. "ఎవురడిగినా అది పెదనాన్న కూతురనే సెప్పు. దాని బతుకు రెండు ముక్కలు సెయ్యకు."

ఆ రాత్రినుంచి నేను అమ్మతో అవసరానికి మించి మాట్లాడలేదు. మాట్లాడవలసిందంతా ఒక నోటుపుస్తకంలో ఫ్రెంచిలో రాశాను. తెలుగులో రాస్తే ఎవరైనా అమ్మకు చదివి చెప్పొచ్చు. ఇంగ్లీషు లిమ్ ఆంటీ పిల్లలకు వచ్చు. బడిలో నా రెండో భాష తమిళం, అది మా బ్లాకులో సగంమందికి వచ్చు. ఫ్రెంచిలో అయితే అమ్మను ఏమన్నా అనొచ్చు. రాయి అన్నాను, దొంగ అన్నాను. పిల్లల్ని పిల్లికూనల్లా పంచిపెట్టే ఆడది అని రాశాను. తప్పుల తడకగా రాసిన ఆ నోటుపుస్తకం ఒకరోజు తరగతిలో మదాం అప్పాడు కంటబడితే తీసుకుంది. చదివి, చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంది. అది నిజమా కల్పనా అని అడగలేదు. క్రియాపదాలు దిద్దింది. ఏళ్ళు గడిచాక, నేను ఒక బ్యాంకులో అనువాదకురాలిగా చేరాక, ఆవిడే దాన్ని మళ్ళీ రాయించి ఫ్రాన్సులో ఒక చిన్న ప్రచురణ సంస్థకు పంపింది.

పుస్తకం వచ్చింది. బడుల్లో పాఠంగా పెట్టారు. నన్ను విమానంలో పిలిపించుకుని ఊరూరా తిప్పారు. చలికోట్లు తగిలించిన హాళ్ళలో, తడి ఉన్ని వాసన మధ్య, పిల్లలు నన్ను చుట్టుముట్టి అడిగేవారు. చెల్లెలు నిజంగా తిరిగొచ్చిందా మదాం అని. పుస్తకంలో అక్క ఒంటరిగా రైలెక్కి వెళ్ళి చెల్లెల్ని తెచ్చుకుంటుంది. వచ్చింది, మేమిద్దరం ఇప్పటికీ కలిసే ఉంటాం అని చెప్పేదాన్ని. ప్రతి ఊళ్ళోనూ చెప్పాను. మొదటిసారి కిటికీవైపు చూస్తూ చెప్పాను. తర్వాత అలవాటైంది. తర్వాతి పుస్తకాలన్నిటిలోనూ ఎవరో ఒకరు తప్పిపోతారు, ఎవరో ఒకరు వెళ్ళి తెస్తారు. అమ్మ ఆ పుస్తకాల మీద నా ఫోటో చూసి మురిసిపోయి లిమ్ ఆంటీకి చూపించేది.

మణి పెళ్ళికి నేనూ అమ్మా ఇపో వెళ్ళాం. పెళ్ళికూతురి గదిలో కాసేపు నేనూ మణీ మాత్రమే మిగిలాం. నేను జడకు పూలు కుడుతుంటే అద్దంలోంచి నన్ను చూస్తూ అడిగింది. "అక్కా, నాకొక ఇల్లు గుర్తుంది. కిటికీలోంచి ఓడలు కూసేవి. అది మీ ఇల్లేనా?" ఆ క్షణం నాకు ఇవాళ్టికీ కళ్ళముందు ఉంది. చీర కుచ్చిళ్ళ కింద ఆమె ఎడమ పాదం మీద మచ్చ, ముడుచుకున్న చర్మం. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. "అవును, చిన్నప్పుడు మీ నాన్నతో మా ఇంటికొచ్చావు" అన్నాను. ఆమె అద్దంలోంచి చూపు తిప్పుకుని, అలాగా అంది. అంతే. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు పండగలకు ఫోన్లలో ఆరోగ్యాలు అడిగి తెలుసుకున్నాం. ఆమె మా అమ్మను పిన్నీ అనేది. ఫోన్ పెట్టేశాక అమ్మ చాలాసేపు గోడకేసి చూసేది.

గత ఆరేళ్ళుగా నేను ఏమీ రాయలేదు. అంతకుముందు చివరగా రాసింది కూడా వెనక్కి వచ్చింది. ఇప్పటి పిల్లలకు ఇలాంటివి బరువుగా ఉంటాయని కొత్త సంపాదకురాలు మర్యాదగా రాసింది. పాత పుస్తకాలు ఇక అచ్చువేయరు. మదాం అప్పాడు మారిషస్ తిరిగెళ్ళి అక్కడే కన్నుమూసింది. పొద్దున బల్ల దగ్గర కూర్చుంటే ఫ్రెంచి మాటలు ఎవరో పొరుగింట్లో మాట్లాడుతున్నట్టు దూరంగా వినిపిస్తాయి, దగ్గరకు రావు. అలాంటి రోజుల్లో మణి పోయింది. అలాంటి రోజుల్లోనే అమ్మ ఆ పుస్తకం నా ఒళ్ళో పెట్టింది.

రోజూ మధ్యాహ్నం కొన్ని పేజీలు, ఐదు రోజులు చదివాను. ఫ్రెంచి చూస్తూ తెలుగులో చెప్పడం. మొదటి రోజే మోసం మొదలుపెట్టాను. రాయి అన్నచోట అలిసిపోయిన మనిషి అన్నాను. దొంగ అన్నచోట దాటేశాను. అమ్మ కళ్ళు మూసుకుని వినేది. మూడో రోజు, తల్లి స్టేషనులో పిల్ల చెయ్యి విడిపించుకునే ఘట్టం దగ్గర, ఆ తల్లి ఏడ్చినట్టు మార్చి చెప్పాను. అమ్మ కళ్ళు తెరిచింది.

"అదక్కడ ఏడిసినట్టు లేదు కదా. నీ గొంతు తడబడతంది. ఉన్నదున్నట్టు సదువు."

చదివాను. ఏదీ దాచకుండా, ప్రతి మాటా. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. అయిపోయాక అమ్మ తన వేళ్ళ సందులు ఒకసారి నిమురుకుని, కోపం లేకుండా చెప్పింది. "ఇపోవోళ్ళు అడిగింది దాన్ని కాదు పాపా. నిన్ను. నువ్వు బళ్ళో ఉన్నప్పుడు వచ్చి, మాకు వయసైపోతంది, పసిదాన్ని పెంచలేం, పెద్దదాన్ని ఇయ్యి, కొట్లో సాయముంటది అన్నారు. నాను సరే అన్నాను. బళ్ళో కూడా సెప్పేసినాను నిన్ను మాన్పిస్తానని. అందుకే ఆ టీచరమ్మ వచ్చింది. నీ సేతులు పట్టుకుంటానమ్మా, ఈ పిల్లని తియ్యకు, ఇది పుస్తకాలు రాస్తది అంది. వచ్చీరాని మాటల్తో అదే మాట నాలుగుసార్లు అంది. అప్పుడు నాను ఇపోవోళ్ళ కాళ్ళు పట్టుకుని సిన్నదాన్ని తీసుకెల్లమన్నాను."

పుస్తకం మూసేశాను. ఫ్యాను తిరుగుతోంది. నన్ను బిస్కెట్లకు పంపింది అందుకే. నేను తిరిగొచ్చేసరికి విన్న పాట, అప్పటికే నిర్ణయమైపోయాక పాడిన పాట. అమ్మ నన్ను ఉంచుకుంది, నేను ఆవిడ్ని ముప్ఫై ఏళ్ళు వేరే దేశం పిల్లల ముందు నిలబెట్టి తిట్టించాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "సెప్తే నువ్వు సదువు మానేద్దువు. అప్పుడు రెండూ పోయేవి" అంది.

ఐదో రోజు చివరి అధ్యాయం. అక్క రైలెక్కుతుంది. చెల్లెలు గుమ్మంలో కూర్చుని ఉంటుంది. ఇద్దరూ చేతులు పట్టుకుని తిరిగొస్తారు. అమ్మ ముందుకు వంగి, నోరు కొంచెం తెరిచి, చిన్నపిల్లలా వింది. తెచ్చేసిందా అని అడిగింది. తెచ్చేసిందన్నాను. అమ్మ ముఖం వెలిగింది, మరుక్షణమే ఆరిపోయింది.

"మరి నువ్వెందుకు ఎల్లలేదు?"

నువ్వే కదమ్మా వద్దన్నావు అన్నాను.

"పదమూడేళ్ళప్పుడు వద్దన్నాను. ఆ తర్వాత ఎవురన్నారు?"

ఇరవై ఏళ్ళకు నాకు ఉద్యోగముంది. ముప్ఫై ఏళ్ళకు నా పాస్‌పోర్టు నిండా ముద్రలున్నాయి. ఇపోకి బస్సులో తొమ్మిది గంటలే. అమ్మ నన్ను నిలదీయడం లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంటోంది. నేను లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఆవిడ ఇంకా అలాగే చూస్తోంది. "అది వచ్చేస్తే నాకు రాయడానికి ఏమీ మిగలదనిపించిందమ్మా" అన్నాను. ఏ భాషలోనూ నాకు నేను కూడా చెప్పుకోని మాట అది.

కింద ఆటస్థలంలో పిల్లలు ఇంగ్లీషులో గోలగోలగా కేకలేస్తున్నారు. ఈ మాట ఆ పుస్తకంలో ఉందా అని అమ్మ అడిగింది. లేదన్నాను. "అయితే నాకు తెలిసిన మాటల్లో రాసి ఇయ్యి" అంది.

నాన్న నేర్పిన తెలుగు ఇంతే, దానితోనే ఇది రాశాను. పక్క ఫ్లాట్‌లోని సాఫ్ట్‌వేర్ అమ్మాయి గుంటూరు నుంచి వచ్చింది, నా తప్పులు ఆమె దిద్దిపెట్టింది. దిద్దుతూ రెండుచోట్ల ఆగి నన్ను చూసింది గానీ ఏమీ అడగలేదు. అమ్మ లోపల గదిలో పడుకుని ఉంది. లేచాక ఇదంతా చదివి వినిపించాలి. ఈసారి ఒక్క మాట కూడా మార్చడానికి వీల్లేదు.